ఫాదరు గారి అక్క

గున్నిల్డ్ మా స్కెల్టాఫ్ట్‌కి వచ్చిననాడు ఆమె వెంట ఒక ఆవు, రెండు ఇత్తడి గిన్నెలు, సగం బస్తా ఉప్పు, కొత్తగా ఫాదరైన ఓస్బర్ట్ ఉన్నారు. ఆమెకు ముప్ఫై ఐదేళ్లు, అతనికి ఇరవై ఆరు. ఆవు ఎవరిదని అడిగినవాళ్లకు ఆమె తనదని చెప్పింది. ఫాదరు నీకేమవుతాడని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

వాళ్లది సముద్రం ఒడ్డున ఉప్పు కాచే ఊరు. ఓస్బర్ట్ పుట్టిన మూడో రోజున తల్లి చనిపోయింది. తండ్రి ఉప్పు కొట్టం వదిలి వచ్చే మనిషి కాదు. తొమ్మిదేళ్ల గున్నిల్డ్ మేకపాలలో గుడ్డపేలిక ముంచి తమ్ముడి నోట్లో పెట్టేది. ఆ చలికాలమంతా వాడి ఛాతీ మీద అరచెయ్యి వేసి ఊపిరి లెక్కపెట్టేది. ఆమెకు ఇరవై వరకే లెక్క వచ్చు. ఇరవై కాగానే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేది. పసివాళ్ల ఊపిరి ఉన్నట్టుండి ఒక క్షణం ఆగి మళ్లీ అందుకుంటుందని, అది జబ్బు కాదని ఆమెకు చెప్పేవాళ్లు లేరు. ఆగిన ప్రతిసారీ వాణ్ణి లేపి ఏడిపించేది. ఏడిస్తే బతికున్నట్టు. తరువాత రెండు సంబంధాలు వచ్చాయి. తమ్ముణ్ణి ఎవరు చూస్తారని రెండింటినీ వద్దంది. వాడు చదువుకుని ఫాదరై ఒక ఊరు దొరికాక, వాడి పొయ్యి చూడటానికి వెంట వచ్చింది.

ఓస్బర్ట్‌కి ఒక పట్టుదల ఉండేది. ఫాదరుకు ఊరంతా ఒకటే చుట్టరికం కావాలి, ఒకరు దగ్గర, ఒకరు దూరం కాకూడదు. అందుకని నలుగురిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాడు. ఆమె కూడా "ఫాదరు గారూ" అనేది. తలుపు మూశాక మాత్రం, "ఒరేయ్, ఆ బురద కాళ్లతో అలా వచ్చేస్తావేంట్రా" అనేది. అతను "అబ్బా, అక్కా" అనేవాడు. ఆ మాట గోడ దాటి బయటికి పోలేదు.

చుట్టుపక్కల ఊళ్లలో చాలామంది ఫాదర్ల ఇళ్లలో ఆడవాళ్లుండేవారు. వాళ్లను పొయ్యి మనుషులు అనేవారు. చర్చి పెళ్లి ఒప్పుకోదు కాబట్టి వాళ్లు పెళ్లాలు కారు, పిల్లలుంటారు కాబట్టి పనిమనుషులూ కారు. ఓస్బర్ట్‌కి వాళ్లంటే మంట. ప్రతి ఏడూ ఉపవాస రోజుల్లో ఒక ఆదివారమంతా వాళ్ల మీదే మాట్లాడేవాడు.

వాళ్లు వచ్చిన ఆరో ఏట రాజుకీ పోపుకీ చెడింది. కాంటర్‌బరీలో, దేశపు చర్చిలన్నిటికీ పెద్ద అయిన ఆర్చిబిషప్పు కుర్చీలో ఎవరు కూర్చోవాలన్న దగ్గర గొడవ. రాజు తనవాణ్ణి కూర్చోబెడతానన్నాడు. పోపు తాను ఎంచినవాడే ఆర్చిబిషప్పన్నాడు. ఆ మనిషిని రాజు సముద్రం దాటి రానివ్వలేదు. దాంతో ఈస్టరుకు రెండు వారాల ముందు దేశంలోని చర్చిలన్నీ మూసేయమని పోపు ఆజ్ఞ వచ్చింది. పూజ లేదు, పెళ్లి లేదు, గంట లేదు. చనిపోయినవాళ్లను చర్చి నేలలో పూడ్చడానికి లేదు. పసివాళ్లకు జ్ఞానస్నానం, పోయేవాళ్లు తమ పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనం, ఈ రెండే మిగిలాయి. ఓస్బర్ట్ చర్చికి తాళం వేసి, తాళంచెవి మెడలో కట్టుకున్నాడు.

పోపు తలుపులు మూస్తే రాజు ధాన్యపు కొట్లు మూశాడు. ఫాదర్లకు రావలసిన ధాన్యం మీద తన మనుషుల చేత ముద్ర వేయించాడు. అది చాలదని ఇంకో ఆజ్ఞ ఇచ్చాడు: ఫాదర్ల పొయ్యి మనుషులందరినీ పట్టుకుని, డబ్బు కట్టిన ఫాదరుకే తిరిగి ఇవ్వండి. ఈ మాట విని దేశమంతా నవ్వింది. కొందరు ఫాదర్లు కూడా నవ్వే ఉంటారు, తమ ఇంటి తలుపు తట్టేదాకా.

గున్నిల్డ్‌ని జున్ను వడగడుతుండగా తీసుకెళ్లారు. చేతులు తుడుచుకోనివ్వమని అడిగింది, తుడుచుకోనిచ్చారు.

కొన్ని మైళ్ల అవతలి ఊరు కిర్క్‌హోల్మ్‌లో చర్చి ధాన్యపు కొట్టునే జైలుగా చేశారు. ఒక పక్క ముద్రలు వేసిన బార్లీ బస్తాలు, ఇంకో పక్క గడ్డి మీద ఆమెతో కలిపి ఐదుగురు ఆడవాళ్లు. కాపలా ఉన్నవాడు థర్స్టన్. అక్కడి దొర దగ్గర లెక్కలు చూసేవాడు, లావుపాటి మనిషి. ఈ పని తనకెందుకు పడిందా అని విసుక్కుంటూ ఉండేవాడు.

"నేను ఆయన అక్కనయ్యా," అంది గున్నిల్డ్.

"అలాగే తల్లీ. ఆ మూల ఉన్నావిడ పిన్నంట. ఈవిడ పెద్దమ్మ కూతురంట. చంకలో పిల్లనెత్తుకున్నావిడ ఉంది చూశావూ, ఆవిడ మేనత్తంట. మీ ఫాదర్లవన్నీ పెద్ద పెద్ద కుటుంబాలమ్మా."

ఆడవాళ్లు పగలబడి నవ్వారు. పిల్లనెత్తుకున్నావిడ పేరు హావీస్. పక్క ఊరి ముసలి ఫాదరు రాల్ఫ్ దగ్గర ఉండేది. జరిగి గడ్డి మీద చోటిచ్చింది.

"రా వదినా, కూర్చో. మీ ఆయన..."

"మా తమ్ముడు."

"సరే, మీ తమ్ముడు. పోయిన ఉపవాసాల్లో ఎంత బాగా చెప్పాడనుకున్నావ్. తలుపవతల నిలబడి విన్నా. నరకంలో నా కోసం పెట్టిన పొయ్యి ఎంత పెద్దదో కూడా చెప్పాడు. మా పొయ్యి పొగ చూరుతోంది, ఆ పెద్దదే ఇప్పించమని అడుగుదామనుకున్నా."

గున్నిల్డ్ ఆ చోట్లో కూర్చుంది. ఆ ఆదివారం ఆమె ముందు వరసలో నిలబడి తల ఊపింది.

మూడో రోజున ఓస్బర్ట్ వచ్చాడు. చెప్పులకు బురద, గడ్డం గీసుకోలేదు. తినలేదని ఆమెకు చూడగానే తెలిసింది. థర్స్టన్ అతన్ని మర్యాదగానే కూర్చోమన్నాడు. అతను కూర్చోలేదు.

"ఈవిడ మీ అక్క అని నాకూ అనిపిస్తోందండీ," అన్నాడు థర్స్టన్. "పొద్దున్నించీ గొడవ పెట్టుకోకుండా కొట్టు ఊడుస్తోంది. కానీ నేను పైవాళ్లకి జవాబు చెప్పుకోవాలి. ఒక పని చేద్దాం. మీ చర్చి తలుపు తియ్యండి. సువార్త పుస్తకం తెచ్చి గడప మీద పెట్టండి. దాని మీద చెయ్యి వేసి, ఈమె నా తోడబుట్టింది అనండి. అంతే. ఒక్క పెన్నీ వద్దు. తీసుకుపొండి."

ఓస్బర్ట్ మెడలోని తాళంచెవి పట్టుకున్నాడు.

"రాజుగారి పని కోసం ఆ తలుపు తియ్యను."

"రాజుగారి పని కాదండీ బాబూ, మీ అక్క పని."

"తియ్యమంటున్నది రాజుగారి మనిషి."

"ఒరేయ్," అంది గున్నిల్డ్. అందరి ముందూ అనేసింది. "ఒక్క నిమిషం తియ్యడమేగా. మళ్లీ వేసెయ్."

అప్పుడు అతను ఆమె వైపు తిరిగాడు. "పోయిన గురువారం ముసలి టోకీని చర్చి కంచె అవతల పూడ్చాం. లోపల వాడి పెళ్లాం పక్కన చోటు పెట్టుకున్నాడు, నీకు తెలుసుగా. కొడుకు నా కాళ్లు పట్టుకున్నాడు. నేను తలుపు తియ్యలేదు. ఇప్పుడు నా ఇంటి మనిషి కోసం తీస్తే, వాడి ముఖం ఎలా చూడను?"

తను పెంచిన పిల్లవాడు ఇలాంటి మాటే అంటాడని గున్నిల్డ్‌కి తెలుసు. తెలిసినా ఆమె చూపు అతని మెడలోని తాళంచెవి మీదే ఉండిపోయింది. అతను వెళ్లిపోయాడు. థర్స్టన్ తలుపేస్తూ, "మొండి మనుషులు, ఇద్దరు రాజులకు సరిపోతారు," అన్నాడు. ఎవర్నన్నాడో తెలియదు.

నాలుగో రోజు నుంచి హావీస్ కూతురికి దగ్గు పట్టుకుంది. పేరు సన్నివా, ఎనిమిది నెలలది. కుక్కపిల్ల మొరిగినట్టుగా దగ్గేది. ఊపిరి తీసుకుంటే మెడ కింద గుంట పడేది. హావీస్ భయపడి పడుకోబెట్టి జోకొట్టబోతే గున్నిల్డ్ పిల్లను లాక్కుంది.

"పడుకోబెట్టకు. నిలువుగా పట్టుకో. థర్స్టనూ, కాగే నీళ్లు తెచ్చిపెట్టు."

నీళ్ల గిన్నె ముందు కూర్చుని, దుప్పటి తన మీదా పిల్ల మీదా కప్పుకుని, ఆవిరిలో పిల్లను భుజాన వేసుకుంది. మధ్యమధ్య తలుపు సందు దగ్గరికి తీసుకెళ్లి చల్లగాలి పట్టించేది. రెండు రోజులు అలా గడిచాయి. మూడో రోజున పిల్ల ఆమె జుట్టు పీకి నవ్వింది. అప్పుడు కూడా గున్నిల్డ్ పిల్ల ఛాతీ మీద అరచెయ్యి వేసి ఊపిరి లెక్కపెట్టింది.

హావీస్ ఆ చేతి వైపే చూసింది.

"నువ్వు ఎవర్నో పెంచావు వదినా."

"వాణ్ణే."

మర్నాడు ఫాదరు రాల్ఫ్ గాడిద మీద వచ్చి, డబ్బు కట్టి, హావీస్‌నీ పిల్లనీ తీసుకెళ్లాడు. పోయేముందు హావీస్ థర్స్టన్‌తో గట్టిగా, "అది నిజంగానే అక్క. కళ్లు పెట్టుకుని చూడు," అంది. థర్స్టన్, "కళ్లతో చూసింది రాజుగారి పట్టీలో రాయడానికి లేదమ్మా," అన్నాడు.

తరువాత ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఒకరికి డబ్బు వచ్చింది. ఒకరికి ఫాదరు బదులు ఆయన అన్న డబ్బు తెచ్చాడు. ఒకావిడ ఫాదరు, నాకు ఆమె ఎవరో తెలియదని కబురు పంపాడు. ఆమెను ఊరికే వదిలేశారు. ఆమె ఏ దిక్కుకు పోవాలో తేల్చుకోలేక గుమ్మంలో కాసేపు నిలబడింది.

గున్నిల్డ్ ఒక్కతే మిగిలింది. గంటలు మోగని దేశంలో పొద్దు తెలియదు. గోడలో ఒక చెక్క కణుపు ఊడి రంధ్రం పడింది. అందులోంచి వెలుతురు చుక్క ఒకటి బస్తాల మీద పడి, పొద్దుటి నుంచి సాయంత్రానికి ఏడో బస్తా దాకా నడిచేది. రోజురోజుకీ ఆ దారి కొంచెం కిందికి జరుగుతోందని ఆమె కనిపెట్టింది. ఎండాకాలం వస్తోందన్నమాట. ఆవుకు ఎవరు పాలు పిండుతున్నారో. వాడు ఏం తింటున్నాడో.

"నువ్వు పారిపోవచ్చుగా," అన్నాడు థర్స్టన్ ఒకరోజు, ఆమెకు వాళ్లావిడ పంపిన ఉల్లిగడ్డల చారు ఇస్తూ. "నేను అటు తిరిగి నిలబడతా. నీ వల్ల నేనూ ఇంటికి పోలేకపోతున్నా."

"పారిపోతే పొయ్యి మనిషినని ఒప్పుకున్నట్టేగా."

"ఒప్పుకుంటే ఏం పోయిందమ్మా? అందరూ ఒప్పుకున్నారు."

"వాళ్లు ఉన్నదే ఒప్పుకున్నారు. నేను లేనిది ఎందుకు ఒప్పుకోవాలి? నేను వచ్చినదాన్ని వచ్చినట్టు ఇంటికి పోవాలి."

ఇరవై మూడో రోజున ఓస్బర్ట్ మళ్లీ వచ్చాడు. వెనక తాడు పట్టి ఆవును తోలుకొచ్చాడు. ఆ ముందురోజు హావీస్ వచ్చి ఓస్బర్ట్ గుమ్మంలో నిలబడి అతన్ని తిట్టిన తిట్లు స్కెల్టాఫ్ట్ సగం విన్నదని తరువాత తెలిసింది. థర్స్టన్ పక్కన ఒక గుమాస్తా కూర్చుని ఉన్నాడు.

"ఈమె నా పొయ్యి మనిషి," అన్నాడు ఓస్బర్ట్. గొంతు మామూలుగానే ఉంది, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. "విడిపించుకోవడానికి వచ్చాను. డబ్బు లేదు. ఈ ఆవు."

"అబద్ధం," అంది గున్నిల్డ్.

"నువ్వు మాట్లాడకమ్మా," అన్నాడు థర్స్టన్. "ఇంటికి పోదువుగానీ."

గుమాస్తా తలెత్తకుండా అడిగాడు. "ఎన్నేళ్లుగా?"

"ముప్ఫై రెండేళ్లుగా నా పొయ్యి చూస్తోంది."

గుమాస్తా తలెత్తాడు. "తమరి వయసెంత ఫాదరూ?"

"ముప్ఫై రెండు."

థర్స్టన్ మెడ గోక్కున్నాడు. "ఆరు అని రాయి," అన్నాడు గుమాస్తాతో.

కట్ట మీద ఇద్దరూ ఇంటికి నడిచారు. రెండు వైపులా నీళ్లు, రెల్లు. ఒక మైలు దాటాక ఆమె అడిగింది.

"ఎందుకు చేశావురా?"

"తలుపు ఊరిది అక్కా. దాన్ని నేనివ్వకూడదు. పేరు నాది. నాది నేనిచ్చుకోవచ్చు."

"నాది కూడా ఇచ్చేశావుగా."

ఓస్బర్ట్ ఆగిపోయాడు. అతనికి ఆ సంగతి తట్టలేదు. ఇరవై మూడు రోజులు తిండి మానేసి ఆలోచించినవాడికి అదొక్కటీ తట్టలేదని అతని ముఖం చూస్తే తెలిసింది. ఆమె ముందుకు నడిచింది. కాసేపటికి వెనక అడుగుల చప్పుడు వినిపించింది.

ఊరు ఆమెను బాగానే చూసింది. అదే కష్టమైంది. బావి దగ్గర ఆడవాళ్లు ఇదివరకటికంటే చనువుగా మాట్లాడారు. "ఇన్నాళ్లూ మాకు చెప్పనేలేదే," అంది ఒకామె, చెంబు అందిస్తూ. "మేమేమన్నా అనుకుంటామా. మగాడన్నాక." గున్నిల్డ్ అక్కనంటే, "ఔనౌను," అంది ఇంకొకామె, మెత్తగా, జబ్బుమనిషితో అన్నట్టు.

మూడు వారాలకు ఆ ప్రాంతపు చర్చిలన్నిటికీ పెద్ద అయిన డీను గారి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. బిషప్పులు సముద్రం దాటి పారిపోయారు కానీ ఆయన ఉన్నాడు. పొయ్యి మనిషి ఉన్నట్టు స్వయంగా ఒప్పుకున్న ఫాదరు ఆమెను తన చర్చి హద్దుల్లోంచి పంపేయాలి. లేకపోతే జ్ఞానస్నానం ఇవ్వడానికీ పాపసంకీర్తనం వినడానికీ వీల్లేదు.

ఓస్బర్ట్ డీను దగ్గరికి నడిచి వెళ్లాడు. ఆమె తన అక్కని చెప్పాడు.

"అందరూ అదే చెబుతారు నాయనా," అన్నాడట డీను. "అక్క అయితే పొయ్యి మనిషని ఎందుకు ఒప్పుకున్నావు? ఆవునెందుకిచ్చావు? రాజుగారి మాట నేనెందులోనూ నమ్మను. ఈ ఒక్కదాంట్లో మాత్రం రాజుగారి పట్టీనే నమ్ముతాను. మీ ఊరి నుంచి సాక్షుల్ని తెచ్చుకో."

వాళ్ల ఊరిని నాలుగేళ్ల కిందట ఉప్పెన తీసుకుపోయింది. మిగిలినవాళ్లు ఎక్కడెక్కడ ఉన్నారో ఎవరికీ తెలియదు.

ఆ వారం ఊళ్లో ఇద్దరు నెలలు నిండినవాళ్లున్నారు. జ్వరంతో ఒక ముసలాయన ఉన్నాడు. గున్నిల్డ్ ఉత్తరం గురించి తమ్ముణ్ణి మళ్లీ అడగలేదు. రెండు గిన్నెల్లో ఒకటి మూట కట్టుకుంది. ఇంకొకటి వదిలేసింది.

మా చర్చి హద్దు పెద్ద కాలువ. దానికి అవతల పాము చేపలు పట్టేవాడి పాత గుడిసె ఒకటి పాడుపడి ఉంది. ఆమె రెల్లు కోసి దానికి పైకప్పు వేసుకుంది. బుట్టవలలు అల్లడం మొదటి ఏడాది చేతకాలేదు. చేపలు వెనక్కి పోయేవి. రెండో ఏడాదికి మెడ దగ్గర పుల్లలు లోపలికి వంచాలని తెలుసుకుంది. ఆ మెడలోంచి దూరిన చేప తిరిగి బయటికి రాలేదు. చేపలను హావీస్ కొనుక్కుని పోయేది. సన్నివా వెంట వచ్చి గుడిసె చుట్టూ పరుగులు పెట్టేది. వాళ్లు రాని రోజున ఆమె ఒక్క మాట కూడా మాట్లాడకుండా పొద్దు గడిచిపోయేది. ఎప్పుడైనా గొంతు ఉందో లేదో చూసుకోవడానికి దగ్గేది.

శనివారం శనివారం ఓస్బర్ట్ కాలువ ఇవతలి ఒడ్డుకు వచ్చి నిలబడేవాడు. అతను దాటకూడదు, ఆమె దాటకూడదు. మాట్లాడుకోకూడదని ఉత్తరంలో లేదు. ఎవరికి పిల్లలు పుట్టారో, ఎవర్ని కంచె అవతల పూడ్చారో కేకేసి చెప్పేవాడు. కేకేసి చెప్పుకోగలిగినవే చెప్పుకునేవారు. మేజోళ్లు చిరిగితే రాయికి చుట్టి విసిరేవాడు. ఆమె కుట్టి, ఎండబెట్టి, మరుసటి శనివారం అదే రాయికి చుట్టి విసిరేది. ఒకసారి నీళ్లలో పడ్డాయి. ఇద్దరూ అవి మునిగేదాకా చూశారు.

ఇలా ఆరేళ్లు.

ఆరో ఏట ఎండాకాలంలో రాజూ పోపూ రాజీపడ్డారు. ఎవరు తగ్గారో మాకు తెలియదు. తలుపులు తియ్యమన్నారు. ఓస్బర్ట్ తాళం తీసిన మొదటి పూటే పుస్తకం తెచ్చి గడప మీద పెట్టాడు. కబురు పంపితే గున్నిల్డ్ చీలమండల దాకా తడిసి వచ్చింది. ఊరంతా చేరింది, పెళ్లిళ్ల కోసం. ఆరేళ్లుగా కాచుకున్న జంటలు పిల్లల్ని చంకనేసుకుని వరసలో నిలబడ్డాయి.

ఓస్బర్ట్ పుస్తకం మీద చెయ్యి వేసి, "ఈమె నా తోడబుట్టిన అక్క. నన్ను పెంచింది. ఇంకోలా ఎవరన్నా, నేనే అన్నా, అది అబద్ధం," అన్నాడు.

జనం విన్నారు. టోకీ కొడుకు టోపీ తీశాడు. హావీస్ ముక్కు చీదింది. వరసలో వెనకనున్న పెళ్లికొడుకు ఒకడు పక్కవాడితో, "ఆవిడ ఎవరో ఒకరులే, తొందరగా కానివ్వమను, పిల్లాడు ఏడుస్తున్నాడు," అన్నాడు. గున్నిల్డ్‌కి అది వినబడింది. ఆమెకు కోపం రాలేదు. అక్క అన్న ఒక్క మాట కోసం ఆమె బతుకులో ఆరేళ్లు పోయాయి. అది గాలిలో ఉన్నది కాసేపే.

పెళ్లిళ్లయ్యాక ఇద్దరూ ఇంటికి వెళ్లారు. పొయ్యి పక్కన ఒకటే పీట ఉంది. గరిటె ఆమెకు అందని ఎత్తులో మేకుకు వేలాడుతోంది. ఒక గిన్నె, ఒక కప్పు. ఓస్బర్ట్ పీట ఆమెకిచ్చి తను నిలబడ్డాడు. బఠానీల జావ గిన్నెలో పోసి ఇచ్చాడు. కప్పులో తను పోసుకున్నాడు.

ఆమె తిన్నది. జావ అడుగంటలేదు. ఉల్లి సమంగా వేగింది, చివర్లో ఏదో ఆకు కూడా వేశాడు. ఎవరు నేర్పారో అడగబోయి మానేసింది.

"ఎలా ఉంది?"

"బాగుంది."

"ఇంకొంచెం వెయ్యనా?"

"చాలు."

ఇంత దగ్గరగా ఉండి ఏం మాట్లాడుకోవాలో ఇద్దరికీ తోచలేదు. అతను ఏదో చెప్పబోయి అలవాటుగా గొంతు పెంచాడు, మళ్లీ తగ్గించుకున్నాడు.

"పక్కగది శుభ్రం చేయించాను," అన్నాడు. "నీ మంచం అలాగే ఉంది."

"వలలు నీళ్లలో ఉన్నాయిరా. నీరు పెరిగేలోపు ఎత్తాలి."

"ఎత్తి రా."

"చూద్దాం. రేపు."

అతను కాలువ దాకా వచ్చాడు. నీళ్లు మోకాళ్ల కింద వరకు ఉన్నాయి. ఆమె పావడా అంచు ఎత్తి పట్టుకుంది.

"ఇక్కడ దాటడానికి ఒక చెక్క పలక వేయించాలి," అన్నాడు ఓస్బర్ట్.

"వేయించు," అంది గున్నిల్డ్. లోతు ఎక్కడ తక్కువో కాలితో తడుముకుంటూ దాటింది. అవతలి ఒడ్డు ఎక్కాక వెనక్కి తిరగకుండా బుట్టవలల దగ్గరికి వెళ్లింది. మొదటి దాంట్లో రెండు చేపలున్నాయి.